ప్రోగ్రాంలో 2 అంటే ప్రింటర్‌లో రెండో ట్రే కాదు

రెండో ట్రేలో లెటర్‌హెడ్ పెట్టి, ప్రోగ్రాంలో ట్రే నంబరు 2 అని రాసి ప్రింట్ కొడతారు. ప్రింటర్ ‘మాన్యువల్ ఫీడ్’ అని మెరిపిస్తూ ఆగిపోతుంది. లేదంటే ఒకటో ట్రేలోని తెల్ల కాగితం మీద బిల్లు వచ్చేస్తుంది. కోడ్ ఎన్నిసార్లు చూసినా తప్పు కనపడదు, ఎందుకంటే తప్పంతా ఆ 2 అనే అంకెలోనే ఉంది.

ఇక్కడ ఎవరి లెక్క వారిది. ప్రింటర్ మీద అతికించిన స్టిక్కర్‌లోని 2, తయారీ కంపెనీ పెట్టుకున్న పేరు. విండోస్ లెక్కలో 2 అంటే ‘కింది ట్రే’. పీసీఎల్‌లో, అంటే చాలా లేజర్ ప్రింటర్లకు తెలిసిన ఆజ్ఞల భాషలో, 2 అంటే చేత్తో ఒక్కో కాగితం అందించే మాన్యువల్ ఫీడ్. ఇక ఆ ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్‌తో విండోస్ మాట్లాడేందుకు వాడే ప్రోగ్రాం, తన రెండో ట్రేకి పెట్టుకున్న నంబరు 260 కావచ్చు, 262 కావచ్చు, వెర్షన్ మారితే అదీ మారొచ్చు.

విండోస్ ముందుగానే కొన్ని నంబర్లు నిర్ణయించి పెట్టింది. 1 పై ట్రే, 2 కింది ట్రే, 3 మధ్య ట్రే, 4 మాన్యువల్, 5 కవర్ల ఫీడర్, 7 ఆటోమేటిక్, 8 డాట్ మాట్రిక్స్ ప్రింటర్ల ట్రాక్టర్ ఫీడ్, 11 ఎక్కువ కాగితం పట్టే ట్రే, 14 క్యాసెట్, 15 అంటే ఏ కాగితం సైజుకు ఏ ట్రే కేటాయించారో దాన్నిబట్టి. ఈ పట్టిక చూసి ‘పని సులువే’ అనుకుంటే బోల్తా పడతారు. 256 నుంచి పైకి ఉన్న నంబర్లన్నీ డ్రైవర్ రాసినవాళ్ల ఇష్టం. ఇప్పటి ఆఫీసు ప్రింటర్లలో చాలావరకు ట్రేలన్నీ ఆ సొంత నంబర్లలోనే ఉంటాయి. కాబట్టి నంబరును కోడ్‌లో ఎప్పుడూ పాతిపెట్టకూడదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు డ్రైవర్‌నే అడగాలి.

అడిగే ఫంక్షన్ పేరు డివైస్ కేపబిలిటీస్. దాన్ని రెండు రకాలుగా పిలవాలి. డీసీ బిన్స్ అని పిలిస్తే ట్రే నంబర్లు వస్తాయి. డీసీ బిన్‌నేమ్స్ అని పిలిస్తే అదే వరసలో పేర్లు వస్తాయి. మొదట ఖాళీ బఫర్‌తో పిలిస్తే ఎన్ని ట్రేలున్నాయో చెబుతుంది. ఆ లెక్కన చోటు కేటాయించి మళ్లీ పిలవాలి. ఒక్కో పేరుకు సరిగ్గా 24 అక్షరాల గడి ఉంటుంది. పేరు 24 అక్షరాలూ నిండితే చివర సున్నా ఉండదు. ఆ సంగతి మరిచి మామూలు స్ట్రింగ్‌లా చదివితే పక్క ట్రే పేరు కూడా అతుక్కుని వస్తుంది. కొన్ని డ్రైవర్లు పేరు ముందు ఒక ఖాళీ పెడతాయి. పోల్చే ముందు రెండు చివర్లా ఖాళీలు కత్తిరించకపోతే, తెర మీద అచ్చం ఒకేలా కనిపించే రెండు పేర్లు సమానం కావు.

సెట్టింగ్స్‌లో ఏం దాచుకోవాలి, నంబరా, పేరా? పేరే మేలు. డ్రైవర్ వెర్షన్ మారినా ‘ట్రే 2’ అనే పేరు నిలిచే అవకాశం నంబరు కంటే ఎక్కువ. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, ప్రింటర్ పేరు, ట్రే పేరు, నంబరు మూడూ దాచి, ప్రింట్ చేసే ముందు పేరుతో వెతకడం. దొరక్కపోతే వాడేవాళ్లను అడగడం. నిశ్శబ్దంగా ఆటోమేటిక్‌కి జారిపోయే ప్రోగ్రాం కంటే ‘ఆ ట్రే కనపడటం లేదు, ఏది వాడమంటారు’ అని అడిగే ప్రోగ్రాం నయం. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే మద్దతును దశలవారీగా ఆపి ఐపీపీ క్లాస్ డ్రైవర్ వైపు, అంటే చాలా ప్రింటర్లకు ఉమ్మడిగా పనిచేసే విండోస్ సొంత డ్రైవర్ వైపు, వెళ్తామని ప్రకటించింది. ఆ డ్రైవర్‌కి మారిన రోజున అదే ప్రింటర్‌కి ట్రేల పేర్లూ నంబర్లూ రెండూ వేరుగా రావచ్చు. అప్పుడు ఈ అడిగే పద్ధతే కాపాడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇంకో చిక్కు ఉంది. అవతలి మెషీన్‌లో కనిపించే ప్రింటర్ పేరు చివర సెషన్ నంబరు చేరుతుంది, ప్రతి లాగిన్‌కీ అది మారొచ్చు. దాచుకున్న ప్రింటర్ పేరుతో పూర్తిగా పోలిక కుదరదు, మొదటి భాగంతోనే వెతకాలి.

ట్రే తెలిశాక దాన్ని డ్రైవర్‌కి చెప్పేది డెవ్‌మోడ్ అనే స్ట్రక్చర్ ద్వారా. అందులో డీఫాల్ట్ సోర్స్ అనే గడిలో ట్రే నంబరు వేయాలి. అక్కడితో ఆపేస్తే పని జరగదు. ఏయే గడులు నింపామో చెప్పే ఫీల్డ్స్ అనే జెండాల గడిలో డీఫాల్ట్ సోర్స్ బిట్ కూడా పైకెత్తాలి, దాని విలువ హెక్స్‌లో 200. అది ఎత్తకపోతే డ్రైవర్ మీ నంబరు వైపు చూడనవసరం లేదు. ఆ తర్వాత స్ట్రక్చర్‌ని డాక్యుమెంట్ ప్రాపర్టీస్ ఫంక్షన్‌కి ఒకసారి ఇచ్చి, అది సరిచేసి తిరిగిచ్చినదాన్నే వాడాలి. డెవ్‌మోడ్ వెనకాల డ్రైవర్ సొంత సమాచారం కూడా ఉంటుంది. దాని పొడవు డ్రైవర్ ఎక్స్‌ట్రా అనే గడిలో ఉంటుంది. కేవలం పైకి కనిపించే స్ట్రక్చర్ సైజుకే మెమరీ కేటాయించి కాపీ చేస్తే, సగం తెగిన డేటాతో ప్రోగ్రాం కూలిపోవచ్చు. పాత డ్రైవర్‌తో తయారైన డెవ్‌మోడ్‌ని ఫైల్లో దాచి కొత్త డ్రైవర్‌కి నేరుగా ఇచ్చినా ఇదే ప్రమాదం.

మొదటి పేజీ లెటర్‌హెడ్ మీద, మిగతావి తెల్ల కాగితం మీద కావాలంటే మధ్యలో ట్రే మార్చాలి. అందుకు రీసెట్ డీసీ అనే ఫంక్షన్ ఉంది. ఒక పేజీ ముగించిన తర్వాత, తర్వాతి పేజీ మొదలుపెట్టకముందు పిలవాలి. పేజీ మధ్యలో పిలిస్తే పని చేయదు. రెండువైపులా ముద్రించేటప్పుడు ఒక మామూలు విషయం మరిచిపోతుంటారు. రెండో పేజీ మొదటి కాగితం వెనకే పడాలి కదా, దానికి వేరే ట్రే ఎలా కుదురుతుంది? మొదటి పేజీకి డూప్లెక్స్ ఆపేసి, రెండో పేజీ నుంచి మొదలుపెట్టడమే దారి.

డాట్‌నెట్‌లో ఇదంతా కాస్త పైపైనే అయిపోతుంది. ప్రింటర్ సెట్టింగ్స్‌లో పేపర్ సోర్సెస్ అనే జాబితా ఉంటుంది. ఒక్కోదానికి సోర్స్ నేమ్, రా కైండ్ ఉంటాయి. రా కైండ్ అంటే పైన చెప్పిన అసలు నంబరే. పక్కనే ఉన్న కైండ్‌ని నమ్ముకోకండి. డ్రైవర్ సొంత ట్రేలన్నీ అందులో ‘కస్టమ్’ అనే ఒకే పేరుతో కనిపిస్తాయి. ముందు ప్రింటర్ పేరు పెట్టి, ఆ తర్వాతే జాబితా తీయాలి. వరస తిరగబడితే డీఫాల్ట్ ప్రింటర్ ట్రేని ఇంకో ప్రింటర్‌కి అంటగట్టినట్టు అవుతుంది.

పేజీ పేజీకీ ట్రే మార్చాల్సింది క్వెరీ పేజ్ సెట్టింగ్స్ ఈవెంట్‌లో. ప్రింట్ పేజ్ ఈవెంట్ వచ్చేసరికి ఆ పేజీ మొదలైపోయి ఉంటుంది, అక్కడ మార్చితే బండి వెళ్లాక టికెట్ కొన్నట్టే. మొదటి పేజీకి లెటర్‌హెడ్ ట్రే పెట్టి, ‘రెండో పేజీకి దానంతట అదే పాత ట్రేకి పోతుందిలే’ అనుకోకూడదు. ప్రతి పేజీకీ ఏ ట్రేనో విడిగా చెప్పాలి. ఈ ఈవెంట్‌కి పేజీ నంబరు తెలియదు కాబట్టి లెక్క మనమే ఉంచుకోవాలి, ఆ లెక్కను ప్రింట్ మొదలయ్యేటప్పుడు వచ్చే బిగిన్ ప్రింట్ ఈవెంట్‌లో సున్నా చేయాలి. చేయకపోతే ఏం జరుగుతుందో చూడండి. వాడేవాళ్లు ముందు ప్రివ్యూ చూస్తారు, బిల్లు మూడు పేజీలైతే అక్కడ మూడూ ఒకసారి నడిచి లెక్క 3కి చేరుతుంది. అక్కడినుంచే ప్రింట్ నొక్కితే మొదటి పేజీని ప్రోగ్రాం నాలుగోది అనుకుని తెల్ల కాగితం మీద వేస్తుంది. ప్రివ్యూ చూడకుండా నేరుగా కొట్టినప్పుడు మాత్రం అంతా సవ్యంగా ఉంటుంది. ‘ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

జావాలో వేరే రకం ఉచ్చు ఉంది. కాగితం సైజు, ట్రే రెండూ ‘మీడియా’ అనే ఒకే కోవకు చెందుతాయి. ప్రింట్‌కి కావలసిన లక్షణాలు చేర్చే ఆట్రిబ్యూట్ సెట్‌లో ఒక కోవకు ఒక్కటే చోటు. ఏ4 అని చేర్చి, ఆ తర్వాత ట్రే చేర్చితే ఏ4 ఎగిరిపోతుంది. వరస మార్చితే ట్రే ఎగిరిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. ట్రేని ఆట్రిబ్యూట్‌గా ఉంచి, కాగితం సైజును పేజ్ ఫార్మాట్ ద్వారా చెప్పి చూడాలి.

ప్రోగ్రాం రాసే పని లేదు, వర్డ్‌తోనే కానిచ్చేద్దాం అంటే, అక్కడ ఈ సౌకర్యం పాతకాలం నుంచీ ఉంది. పేజ్ సెటప్‌లో పేపర్ ట్యాబ్ తెరిస్తే ‘ఫస్ట్ పేజ్’, ‘అదర్ పేజెస్’ అని రెండు జాబితాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆఫీస్ ప్రోగ్రాముల మాక్రోలు రాసే భాష వీబీఏలో వీటి పేర్లు ఫస్ట్ పేజ్ ట్రే, అదర్ పేజెస్ ట్రే. ఇవి సెక్షన్‌కి సంబంధించినవి. మెయిల్ మెర్జ్‌తో ఉత్తరాలు కొత్త డాక్యుమెంట్‌లోకి తెస్తే ఒక్కో ఉత్తరం ఒక్కో సెక్షన్ అవుతుంది కాబట్టి ప్రతి ఉత్తరం మొదటి పేజీ లెటర్‌హెడ్ మీదే వస్తుంది. ఇక్కడ ట్రే ఎంచుకున్నాక ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ట్రే మార్చినా వర్డ్ పట్టించుకోదు. పేజ్ సెటప్‌లో ‘డీఫాల్ట్ ట్రే’ అని ఉంటే మాత్రం, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ప్రింట్ విభాగంలోని డీఫాల్ట్ ట్రే ఏం చెబితే అది జరుగుతుంది. ఎంచుకున్న ట్రే నంబరు డాక్యుమెంట్ ఫైల్లోనే దాక్కుని ఉంటుంది. అదే ఫైల్ వేరే బ్రాంచికి పంపితే, అక్కడి ప్రింటర్‌కి ఆ నంబరు అర్థం కాకపోవచ్చు, వేరే ట్రే అనీ అర్థం కావొచ్చు. మాక్రో రికార్డ్ చేసి నలుగురికీ పంచేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

దస్తావేజులు, అద్దె అగ్రిమెంట్లు, అఫిడవిట్లు టైప్ చేసే షాపుల్లో ఈ రెండు జాబితాలు బాగా పనికొస్తాయి. 100 రూపాయల స్టాంపు పేపరు మీద మొదటి పేజీ, మిగతాది మామూలు కాగితం మీద. స్టాంపు పేపరు పక్కన తెరుచుకునే బైపాస్ ట్రేలో, అంటే మల్టీపర్పస్ ట్రేలో పెట్టాలి. కాగితం సైజును ఊహించి ఏ4 అనో లీగల్ అనో పెట్టేయకుండా స్కేలుతో కొలవండి. లీగల్ అంటే 216 × 356 మిల్లీమీటర్లు, ఏ4 అంటే 210 × 297. కొలత ఈ రెండింటికీ సరిపోకపోతే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో కొత్త ఫార్మ్ తయారుచేసి దాన్ని వాడాలి.

స్టాంపు బొమ్మ పైభాగం ఆక్రమిస్తుంది కాబట్టి మ్యాటర్ కిందనుంచి మొదలవ్వాలి. చాలామంది ఎంటర్ కొట్టుకుంటూ కిందికి వెళ్తారు. పైన ఒక్క పేరా మార్చగానే మొత్తం కదిలిపోతుంది. దానికంటే హెడర్‌లో ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ టిక్ పెట్టి, మొదటి పేజీ హెడర్‌లో ఒక ఖాళీ పేరాకి కావలసినంత స్పేసింగ్ బిఫోర్ ఇవ్వండి. హెడర్ ఎత్తు పెరిగితే వర్డ్ మ్యాటర్‌ని దానంతట అదే కిందికి నెడుతుంది. రెండో పేజీకి ఆ అంతరం అంటదు. స్టాంపు పేపరు వేసేముందు అదే సైజు తెల్ల కాగితాన్ని బైపాస్‌లో పెట్టి ఒకసారి తీసి, స్టాంపు పేపరు మీద పెట్టి వెలుతురుకి పట్టి చూడాలి. 100 రూపాయల కాగితం పాడుచేసుకోవడం కంటే రూపాయి కాగితం పోవడం మేలు.

ఎక్సెల్ దగ్గరికొస్తే వీబీఏ పేజ్ సెటప్‌లో ట్రే అనే మాటే లేదు. ఎంత వెతికినా దొరకదు. షీట్ పేజ్ సెటప్‌లో ఆప్షన్స్ నొక్కి డ్రైవర్ డైలాగ్‌లో ట్రే ఎంచుకుంటే, ఆ డెవ్‌మోడ్ వర్క్‌బుక్‌లో షీట్‌వారీగా భద్రపడుతుంది. ప్రింటర్ మారగానే అది చెల్లదు. యాక్సెస్‌లో మాత్రం ప్రింటర్ ఆబ్జెక్ట్‌కి పేపర్ బిన్ అనే ప్రాపర్టీ ఉంది, దానికి నంబరు ఇస్తే చాలు.

ఎక్సెల్ లాంటివాటికీ, సోర్స్ కోడ్ మన చేతిలో లేని అకౌంటింగ్ ప్యాకేజీలకీ ఒక మొరటు ఉపాయం ఉంది, అదే అన్నిటికంటే గట్టిది. ఒకే ప్రింటర్‌ని విండోస్‌లో రెండుసార్లు ఇన్‌స్టాల్ చేయండి. పోర్ట్ అదే, డ్రైవర్ అదే. ఒకదానికి ‘బిల్లు లెటర్‌హెడ్’ అనీ, రెండోదానికి ‘బిల్లు తెల్లది’ అనీ పేర్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో ట్రే డీఫాల్ట్ చేయండి. ప్రోగ్రాం ట్రే గురించి ఆలోచించనక్కర్లేదు, ప్రింటర్ పేరు మారిస్తే చాలు. ఇక్కడ ట్రే ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో పెడితే అది మీ లాగిన్‌కి మాత్రమే. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ డీఫాల్ట్స్‌లో పెడితే అందరికీ. సర్వీస్‌గా నడిచే ప్రోగ్రాం వేరే అకౌంట్ కింద నడుస్తుంది, దానికి మీ ప్రిఫరెన్సెస్ తెలియవు. ‘మాన్యువల్‌గా నడిపితే సరిగ్గా వస్తుంది, సర్వీస్ నుంచి కొడితే వేరే ట్రే’ అనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ ట్యాబ్‌నే.

అసలు జాబితాలో ట్రేనే కనపడకపోతే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో డివైస్ సెట్టింగ్స్ ట్యాబ్ చూడండి. విడిగా కొని కింద తగిలించిన మూడో ట్రే అక్కడ ‘నాట్ ఇన్‌స్టాల్డ్’ అని ఉండిపోవడం మామూలే. డ్రైవర్ దాన్ని లేనట్టే చూస్తుంది.

లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌ని ఎల్‌పీ ఆప్షన్స్ ఆజ్ఞకి హైఫన్, చిన్న ఎల్ చేర్చి అడిగితే ఆ ప్రింటర్‌కి ఏమేం చెప్పొచ్చో చూపిస్తుంది. అందులో ఇన్‌పుట్ స్లాట్ అనే వరస మనకు కావలసింది. నక్షత్రం గుర్తున్నది ప్రస్తుత డీఫాల్ట్. ప్రింట్ చేసేటప్పుడు హైఫన్ ఓ తర్వాత ఇన్‌పుట్ స్లాట్‌కి ఆ జాబితాలోని మాటను యథాతథంగా, పెద్దచిన్న అక్షరాలతో సహా ఇవ్వాలి. లిబ్రెఆఫీస్‌లో పేజ్ స్టైల్‌కి పేపర్ ట్రే ఉంటుంది కాబట్టి ఫస్ట్ పేజ్ స్టైల్‌కి ఒకటి, డీఫాల్ట్ స్టైల్‌కి ఇంకోటి పెట్టేస్తే సరిపోతుంది.

వెబ్ అప్లికేషన్ వాళ్లకు చెడ్డ కబురే. బ్రౌజర్‌లోని ప్రింట్ ఆజ్ఞకి ట్రే చెప్పే వీలు లేదు, వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లోనూ లేదు. రెండు ప్రింటర్ల ఉపాయం వాడాలి. లేదా పీడీఎఫ్ తయారుచేసి, ఆ మెషీన్ మీద నడిచే చిన్న ప్రోగ్రాంతో కొట్టించాలి. సుమత్రా పీడీఎఫ్‌కి కమాండ్ లైన్‌లో ప్రింట్ సెట్టింగ్స్ కింద బిన్ అని ట్రే పేరో నంబరో ఇవ్వొచ్చు. చేత్తో ప్రింట్ కొట్టేవాళ్లయితే అడోబ్ రీడర్‌లో పీడీఎఫ్ పేజీ సైజునుబట్టి ట్రే ఎంచుకునే టిక్ ఉంది. ఏ4, లీగల్ కలిసిన ఫైళ్లకు అదే చాలు.

ఇన్ని చేసినా ప్రింటర్ మాట వినకపోతే, తప్పు ఎవరిదో తేల్చడానికి ముందు నోట్‌ప్యాడ్ నుంచి, డ్రైవర్ డైలాగ్‌లోనే ట్రే ఎంచి ఒక కాగితం కొట్టండి. అక్కడా రాకపోతే మీ ప్రోగ్రాం నిర్దోషి. అక్కడ వచ్చి ప్రోగ్రాం నుంచి రాకపోతే, ప్రింటర్ పోర్ట్‌ని తాత్కాలికంగా ఫైల్‌కి మార్చి రెండిటినీ రెండు ఫైళ్లుగా తీసి హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. పీసీఎల్ 5 అయితే ఎస్కేప్ అక్షరం, అంటే హెక్స్‌లో 1B, తర్వాత యాంపర్‌సాండ్, చిన్న ఎల్, ఒక అంకె, పెద్ద హెచ్ కోసం వెతకండి. ఆ అంకే ట్రే. 0 అంటే పేజీని బయటికి నెట్టడం, 7 ఆటో. 4, 5 లాంటివి మోడల్‌నిబట్టి మారతాయి. రెండు ఫైళ్లలో ఆ అంకె వేరైతే డెవ్‌మోడ్ సరిగ్గా చేరలేదని అర్థం. పోస్ట్‌స్క్రిప్ట్ అనే ఇంకో ప్రింటర్ భాష అయితే మీడియా పొజిషన్ అనే మాట వెతకాలి. కంప్యూటర్‌లోనే పేజీ బొమ్మ తయారుచేయించుకునే చవక ప్రింటర్లలో ఈ తనిఖీ కుదరదు, ఫైల్లో ఏమీ చదవలేం.

రెండు ఫైళ్లూ ఒకటే, అయినా కాగితం వేరే ట్రే నుంచి వస్తోందంటే సంగతి ప్రింటర్ ప్యానెల్‌లో ఉంది. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో ట్రేల మెనూలో ‘యూజ్ రిక్వెస్టెడ్ ట్రే’ అని ఉంటుంది. అది ‘ఫస్ట్’ అని ఉంటే అడిగిన ట్రే ఖాళీ అయినప్పుడు పక్క ట్రేకి పోతుంది, ‘ఎక్స్‌క్లూజివ్‌లీ’ అని పెడితే అక్కడే ఆగి కాగితం అడుగుతుంది. లెటర్‌హెడ్‌కి, స్టాంపు పేపరుకి రెండోదే పెట్టాలి. బ్రదర్‌లో ‘ట్రే యూజ్’ మెనూ ఇలాంటిదే. ట్రేకి కేటాయించిన సైజూ రకమూ కూడా ఇక్కడే ఉంటాయి. ట్రేలో ఏ4 ఉన్నా ప్యానెల్‌లో లెటర్ అని ఉంటే ప్రింటర్ ఆ ట్రేని పక్కన పెడుతుంది. లెటర్ సైజు అమెరికా వాడకం, ఇక్కడ మనం పొరపాటున తప్ప వాడం, కానీ చాలా డ్రైవర్లు, ఇంగ్లీష్ యూఎస్ విండోస్ దాన్నే డీఫాల్ట్‌గా పెట్టుకుని కూర్చుంటాయి.

కాగితం రకం కూడా సరిగ్గా చెప్పాలి. 75, 80 జీఎస్‌ఎమ్ మామూలు కాగితానికి, 100 జీఎస్‌ఎమ్ బాండ్‌కీ ఫ్యూజర్, అంటే టోనర్‌ని కాగితానికి కరిగించి అతికించే భాగం, వేడి ఒకటే అయితే మందపు కాగితం మీద టోనర్ గోటికి రాలిపోతుంది. ఫ్యూజర్‌లో వేడి 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. లెటర్‌హెడ్ అచ్చు వేయించేటప్పుడు లేజర్ ప్రింటర్‌లో వేస్తామని ప్రెస్ వాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే ఆ సిరా కరిగి రోలర్‌కి అంటుకుని తర్వాతి కాగితాల మీద మచ్చలుగా దిగుతుంది.

ఇక లెటర్‌హెడ్ ఏ ముఖం పైకి, ఏ అంచు లోపలికి? ఒకే ప్రింటర్‌లో కూడా బైపాస్‌కి ఒక రకం, కింది ట్రేకి ఇంకో రకం ఉండొచ్చు, డూప్లెక్స్ ఆన్ చేస్తే మళ్లీ తిరగబడొచ్చు. ఒక తెల్ల కాగితం పైమూలలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి, గుర్తు పైకి ఉండేలా ట్రేలో వేసి ఒక పేజీ కొట్టండి. అచ్చు గుర్తున్న వైపే పడిందా, వెనక పడిందా, తలకిందులైందా చూసి, ఆ ట్రే లోపలే చిన్న స్టిక్కర్ మీద రాసి అతికించండి. సింగిల్‌కి ఒకసారి, డూప్లెక్స్‌కి ఒకసారి, ప్రతి ట్రేకీ.